షెఫ్ అనే మాట పుట్టుక, స్క్రాబుల్‌లో దాని విలువ

ప్రశ్న: పదవిహారి

మొన్న ఇంట్లో ఇంగ్లీషు స్క్రాబుల్ (అక్షరాల బిళ్ళలతో బోర్డు మీద మాటలు పేర్చే ఆట) ఆడుతుండగా మొదటి ఎత్తు నాకు వచ్చింది. నా బిళ్ళల్లో సీ, హెచ్, ఈ, ఎఫ్, ఎస్ ఉన్నాయి. ఎస్‌ను దాచుకుని ‘షెఫ్’ వేశాను. హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతున్న మా అమ్మాయి ‘షెఫ్’, ‘చీఫ్’ అసలు ఒకే మాట అని చెప్పింది. అదే నిజమైతే ఒకదానిలో చకారం, మరొకదానిలో షకారం ఎందుకు పలుకుతున్నాయి? ‘కుక్’ అనే మాట ముందునుంచీ ఉండగా ఇంగ్లీషువారికి ఈ రెండో మాటతో ఏమి అవసరం కలిగింది? ఆట తెలిసినవారు నేను ఎస్ దాచుకోవడం సరైనదో కాదో కూడా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: భాషాభిమాని

మీ అమ్మాయి చెప్పింది నిజమేనండి. లాటిన్‌లో ‘కాపుత్’ అంటే తల. అది పాత ఫ్రెంచిలో ‘చీఫ్’గా మారి, తల అనే అర్థంతోపాటు పెద్ద, నాయకుడు అనే అర్థాలనూ సంతరించుకుంది. ఇంగ్లీషు ఆ మాటను ఒకసారి కాదు, రెండుసార్లు అరువు తెచ్చుకుంది. సుమారు 1300 నాటికే ‘చీఫ్’గా తీసుకున్నప్పుడు ఫ్రెంచివారు మొదటి రెండక్షరాలైన సీ, హెచ్‌లను ఇంకా చకారంగానే పలికేవారు కనుక ఇంగ్లీషులో అదే నిలిచిపోయింది. తరువాత ఫ్రెంచిలో ఆ ధ్వని షకారంగా మారింది. 19వ శతాబ్దంలో ‘షెఫ్ ద క్విజీన్’, అంటే వంటశాల పెద్ద, అనే పదబంధాన్ని కుదించి మళ్ళీ తెచ్చుకున్నప్పుడు కొత్త ఉచ్చారణ వెంట వచ్చింది. ‘ఛాంపియన్’, ‘చైర్’ పాత దిగుమతులు కాగా ‘మెషీన్’, ‘షాంపేన్’ తరువాతివి. ఇంగ్లీషులోని ఫ్రెంచి మాట ఎప్పుడు వచ్చిందో తరచుగా ఈ ఒక్క ధ్వనే చెబుతుంది.

ఈ కుటుంబంలో మనం రోజూ వాడే మాట ఒకటుంది, అది ‘కర్చీఫ్’. పాత ఫ్రెంచిలో ‘తలను కప్పేది’ అనే అర్థమున్న సమాసం నుంచి అది పుట్టింది. తలగుడ్డ కాస్తా చేతిరుమాలుగా మారిన తరువాతనే మన దగ్గరకు వచ్చింది. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీదకు విసిరే ఆ గుడ్డ పేరులో ఇప్పటికీ ‘తల’ అనే మాట ఉంది. క్యాబేజీ కూడా ‘తల’ అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచే వచ్చింది.

ఇక అవసరం సంగతి. ‘షెఫ్’ వంట చేయడాన్ని తెలిపే మాట కాదు, పదవిని తెలిపే మాట. 1890లో లండన్ సావొయ్ హోటల్ వంటశాల బాధ్యత స్వీకరించిన ఒగ్యూస్త్ ఎస్కోఫియే, సైన్యంలో వంటశాల నడిపిన అనుభవంతో పనివారిని దళంలాగా ఏర్పాటు చేశాడు. సాస్‌లకు ఒకరు, చేపలకు ఒకరు, మాంసం కాల్చడానికి ఒకరు చొప్పున విభాగాధిపతులు, వారందరి పైన ఒక షెఫ్, ఆయన కింద ‘సూ షెఫ్’ ఉండేవారు. ఇక్కడ ‘సూ’ అంటే ‘కింద’ అని అర్థం. అటువంటి చోట అధికార క్రమాన్ని చెప్పడానికి ‘కుక్’ సరిపోదు.

జవాబు: ఏడుబిళ్ళలు

ఆట విషయం నేను చెబుతాను. సీకి 3, హెచ్‌కు 4, ఈకి 1, ఎఫ్‌కు 4 కలిపి షెఫ్ విలువ 12. విశేషమేమిటంటే ఫ్రెంచి స్క్రాబుల్‌లోనూ ఈ నాలుగక్షరాల విలువలు ఇవే కనుక అక్కడా 12 వస్తుంది. కుక్ విలువ 10. అందులో సగం ఒక్క కే అక్షరానిదే.

మొదటి ఎత్తులో మాట నడిమి గడి మీదుగా వెళ్ళాలి, అది విలువను రెట్టింపు చేస్తుంది. నాలుగక్షరాల మాటను ఎటు జరిపినా ఆ వరుసలో అటూ ఇటూ ఉన్న డబుల్ లెటర్ గడులు (తమ మీద పడిన అక్షరం విలువను రెట్టింపు చేసేవి) అందవు కనుక మీకు 24 వచ్చి ఉంటాయి. ఎస్ చేర్చి, సీని ఎడమవైపు డబుల్ లెటర్ గడిలో పెట్టి, చివరి ఎస్ నడిమి గడిలో పడేలా వేస్తే 32 వచ్చేవి. ఎనిమిది పాయింట్లు చిన్నవి కావు. అయినా మీరు దాచుకోవడమే మేలని నా అభిప్రాయం. మొత్తం 100 బిళ్ళల్లో ఎస్ నాలుగే ఉంటాయి. ఏడు బిళ్ళలూ ఒకేసారి వేస్తే దక్కే 50 పాయింట్ల బోనస్‌కు వాటికంటే ఎక్కువగా తోడ్పడేది ఏ అక్షరంగానైనా వాడుకోగల ఖాళీ బిళ్ళ ఒక్కటే. అయితే ఒక జాగ్రత్త అవసరం: బోర్డు మీద షెఫ్ ఉన్నంతకాలం ఎదుటివారి ఎస్‌కూ ఆ చివర తెరిచే ఉంటుంది.

సీ వదిలించుకోవడం కష్టమైన అక్షరం. అమెరికాలో ఆటకు చెల్లే మాటల జాబితాలో సీ ఉన్న రెండక్షరాల మాట ఒక్కటీ లేదు. అందువల్ల అది హెచ్‌తో కలిసి వచ్చినప్పుడు వెంటనే వాడుకోవడం మంచిది. చేతిలో ఐ కూడా ఉంటే 13 పాయింట్ల ‘చీఫ్’ కుదురుతుంది, ఆ అయిదక్షరాలతోనే ‘ఫీష్’ (చేప కాదు, పత్రాలను చిన్న అచ్చులో భద్రపరిచే ఫిల్మ్ రేకు) అనే మరో మాట కూడా చెల్లుతుంది. అక్షరాలు చేర్చి పెంచుకోవడంలో మాత్రం కుక్‌దే పైచేయి. ‘కుకరీ’ ఏడక్షరాల మాట, దాని విలువే 16, బోనస్‌తో 66.

పదవిహారి

ఇద్దరికీ కృతజ్ఞతలు. మరి ‘సూ షెఫ్’ను ఒకే మాటగా వేయవచ్చా? ‘కుక్’ కూడా ఫ్రెంచి నుంచే వచ్చిందా?

జవాబు: ఏడుబిళ్ళలు

వేయకూడదండి. మధ్యలో ఖాళీ గాని అడ్డగీత గాని ఉన్న మాట చెల్లదు. ‘సూ’ స్పెల్లింగు (ఎస్, ఓ, యూ, ఎస్) మాత్రం విడిగా చెల్లుతుంది, కాని అక్కడ అది పాత ఫ్రెంచి నాణెం ‘సూ’కు బహువచనం.

జవాబు: భాషాభిమాని

‘కుక్’ ఫ్రెంచి ద్వారా రాలేదు. లాటిన్ ‘కోక్వుస్’ నుంచి ప్రాచీన ఇంగ్లీషులోకే నేరుగా వచ్చింది. ఆ లాటిన్ ధాతువూ సంస్కృత ‘పచ్’ ధాతువూ ఒకే మూలం నుంచి పుట్టినవి. లాటిన్‌లో మొదటి పకారం తరువాతి ధ్వని ప్రభావంతో కకారంగా మారింది. కనుక పాచకుడు, బెల్లం పాకం, నలభీమపాకం అన్నీ ‘కుక్’కు బంధువులే. రెండుసార్లు కాల్చినది అనే అర్థంతో ఏర్పడిన బిస్కెట్టు కూడా ఆ వైపు చుట్టమే.