నెలకు 300 లీటర్ల గానుగ నూనె అమ్ముతున్నా చేతిలో డబ్బు నిలవట్లేదు. రెండో గానుగ కొనాలా?

బుడ్డల_గానుగ:
ధర్మవరం దగ్గర చెక్క గానుగ, 3 హెచ్‌పీ మోటారు. వాయికి 12 కిలోల వేరుశనగ పప్పు వేస్తే 4.3 కిలోల నూనె దిగుతోంది. వాయికి గంట పడుతుంది. పప్పు కిలో 115 రూపాయలకు కొంటున్నా, నూనె తీశాక మిగిలే చెక్క (పిండి) కిలో 45కి పోతోంది. లీటరు బాటిల్ 320. నెలకు 150 లీటర్లు ఇళ్లకు నేరుగా, 150 లీటర్లు దుకాణాలకు. దుకాణాలకు 20 శాతం కమీషను, 45 రోజుల అప్పు. పనిమనిషి జీతం 12,000, అద్దె 4,000. రెండో గానుగ 2.4 లక్షలని కొటేషన్ ఇచ్చారు. సబ్సిడీ వస్తుందంటున్నారు. తీసుకుంటే వ్యాపారం పెరుగుతుందా? బెంగళూరులో రెండు దుకాణాలు కూడా అడుగుతున్నాయి.

లెక్కలపుస్తకం:
కొటేషన్ పక్కన పెట్టి ముందు ఇది చూడండి అన్నా. రోజుకు ఏడు వాయిలు వేస్తే 30 కిలోల నూనె, అంటే 33 లీటర్లు. 25 రోజులకు 825 లీటర్లు. మీరు అమ్ముతున్నది 300. ఉన్న గానుగే మూడింట రెండు వంతుల కాలం ఖాళీగా నిలబడి ఉంది. దాని పక్కన ఇంకోటి దేనికి?

ఇప్పుడు లీటరు ఖర్చు. లీటరు వేరుశనగ నూనె సుమారు 910 గ్రాములు. మీ దిగుబడి 36 శాతం కాబట్టి లీటరుకు 2.53 కిలోల పప్పు కావాలి, 291 రూపాయలు. అందులో 1.57 కిలోల చెక్క తిరిగొస్తుంది, 70 రూపాయలు. మిగిలిన అసలు ఖర్చు 221. బాటిల్, మూత, లేబుల్ కలిపి 16, కరెంటు 4 వేసుకున్నా. ఇంటికి నేరుగా అమ్మితే లీటరుకు 79 మిగులుతుంది. దుకాణం చేతికి ఇచ్చేది 256కే, రవాణా ఇంకో 6. అక్కడ మిగిలేది 9 రూపాయలు.

150 లీటర్లకు 79 చొప్పున 11,850, ఇంకో 150కి 9 చొప్పున 1,350. మొత్తం 13,200. జీతం, అద్దె 16,000. నెలకు 2,800 చేతి నుంచి పడుతోంది. మీ పనికి మీరు కూలి వేసుకోకుండానే ఇంత. దీనికి తోడు నెలకు 38,400 రూపాయల సరుకు 45 రోజుల అప్పు మీద పోతోంది కదా, ఎప్పుడు చూసినా 57,600 దుకాణాల్లోనే ఇరుక్కుని ఉంటుంది. డబ్బు నిలవట్లేదంటే అదీ సంగతి.

రెండో గానుగకు బ్యాంకు కంతు కూడా తోడైతే ఈ లెక్క ఇంకా లోతుకు పోతుంది. పని మొదలుపెట్టాల్సింది రెండు చోట్ల. ఒకటి నూనె దిగుబడి, రెండోది దుకాణం షరతులు. దిగుబడి 40 శాతానికి వస్తే లీటరు అసలు ఖర్చు 203కి దిగుతుంది. అదే 300 లీటర్ల మీద నెలకు 5,400 తేడా, నష్టం పోయి 2,600 మిగులుతుంది. దుకాణాలకు వెళ్లే 150లో 75 లీటర్లను ఇళ్లకు మళ్లిస్తే ఇంకో ఐదు వేలు పైనే. అప్పు గడువు 15 రోజులు చేయండి, లేదా పాత బిల్లు కట్టాకే కొత్త పెట్టె దించండి. ఒప్పుకోని దుకాణాన్ని వదిలేస్తే మీకు పోయేది లీటరుకు 9 రూపాయలే.

నూనెగింజలు:
36 శాతం తక్కువే. కె-6 (కదిరి-6) రకం పప్పులో నూనె 48 శాతం దాకా ఉంటుంది. చెక్క గానుగలో మంచి పప్పుకు 40 దగ్గర రావాలి. ఎక్కడ పోతోందో వరసగా చూసుకోండి.

తేమ ముందు. పప్పులో తేమ 5–6 శాతం ఉండాలి. ఎక్కువైతే రోట్లో ముద్ద కట్టి రోకలికి అంటుకుంటుంది, నూనె విడవదు. మరీ ఎండితే పొడైపోతుంది. గింజ రెండు వేళ్ల మధ్య విరిస్తే టక్కున విరగాలి, వంగకూడదు. వంగిందంటే టార్పాలిన్ మీద పలచగా పోసి మూడు నాలుగు గంటలు ఎండబెట్టండి. పొడి అవుతుంటే వాయి మధ్యలో కొద్దిగా నీళ్లు చిలకరిస్తారు. 12 కిలోలకు 100 మి.లీ. లోపే. ఆ నీళ్లు ఎక్కువైతే నూనెలో తేమ మిగిలి, మూకుడులో నురగ లేస్తుంది. "కల్తీ నూనె" అని తిరిగొచ్చే ఫిర్యాదుల్లో ఈ నురగదీ పెద్ద వాటానే.

తర్వాత రోకలి. అడుగు అరిగితే రోలుకు, దానికి మధ్య సందు పెరిగి చెక్కలో నూనె మిగిలిపోతుంది. దించిన వెంటనే వేడి చెక్కను పిడికిట్లో గట్టిగా పిసకండి. అరచెయ్యి జిడ్డుగా మెరిస్తే రోకలి చెక్కించాల్సిందే. మీ చెక్క కోసం పశువుల వాళ్లు ఎగబడుతున్నారంటే దాంట్లో నూనె ఉందనే అర్థం.

మూడోది కొనే పప్పు. చవగ్గా వచ్చిందని ముడతల గింజ, సగం పండిన గింజ తీసుకుంటే నూనె ఎలాగూ తక్కువ. దాని కంటే ప్రమాదం బూజు. కాపు చివర్లో వాన లేక బెట్టకు వచ్చిన పైరులో ఆస్పర్‌జిల్లస్ బూజు గింజలోకి వెళ్తుంది, అఫ్లటాక్సిన్ అనే విషం అక్కడే తయారవుతుంది. మన అనంతపురం నేలల్లో ఇది ప్రతి రెండో ఏటి ముచ్చట. రంగు మారినవి, పగుళ్లవి, ముడతలవి చేత్తో ఏరించండి. కాయతో నిల్వ చేస్తే తేమ 8 శాతం దాటకూడదు, బస్తాలు చెక్క పలకల మీద, గోడకు దూరంగా. మడ్డి ఉన్న నూనెలో ఆ విషం ఎక్కువ ఉంటుంది. కాబట్టి స్టీలు డ్రమ్ముల్లో రెండు మూడు రోజులు తేరనిచ్చి, పైతేట మాత్రమే వడగట్టి నింపండి. చెక్కలో మిగిలింది ఆవు తింటే పాలలోకీ వస్తుంది.

డ్రమ్ముకు ఇత్తడి కుళాయి ఉంటే ఇవాళే తీసేయండి. రాగి తగిలిన నూనె త్వరగా కంపు కొడుతుంది.

రుణ_ఖాతా:
సబ్సిడీ మాట. 2020లో వచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ (చిన్న ఆహార యూనిట్లకు కేంద్ర పథకం) కింద 35 శాతం, గరిష్ఠం 10 లక్షలు, మీ వాటా కనీసం 10 శాతం. 2.4 లక్షల యంత్రానికి 84,000. అయితే అది చేతికి రాదు. బ్యాంకు రుణం తీసుకున్నాక మీ పేరున పడి, ఖాతా సక్రమంగా నడిస్తే మూడేళ్లకు రుణంలో సర్దుతారు. ఈలోగా కంతులు ఆగి ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అయితే అదీ పోతుంది. ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా రిసోర్స్ పర్సన్‌ను అడగండి. సబ్సిడీ వస్తోందని అక్కర్లేని యంత్రం కొన్నవాళ్ల షెడ్లు తాళాలతో ఉంటాయి.

మీకు కావాల్సింది క్యాష్ క్రెడిట్, అంటే సరుకు కొనడానికి కావాల్సినప్పుడు తీసుకుని, అమ్మాక కట్టేసే బ్యాంకు అప్పు. చిన్న యూనిట్లకు అంచనా టర్నోవరులో 20 శాతం లెక్కన ఇస్తారు. చెక్కతో కలిపి మీది ఏడాదికి 12.9 లక్షలు, అంటే రెండున్నర లక్షలు దాకా అడగొచ్చు. అక్టోబరు–నవంబరులో కొత్త కాయ దిగినప్పుడు మూడు నెలల పప్పు, దిగుబడి 40కి వస్తే నెలకు 700 కిలోల లెక్కన 2,100 కిలోలు, కొని పెట్టుకోవడానికి సరిగ్గా సరిపోతుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వ నమోదు) ఉచితం, ఏజెంటుకు పైసా ఇవ్వొద్దు. కొనుగోలు బిల్లులు, అమ్మకం బిల్లులు ఒకే కరెంటు ఖాతా గుండా వెళ్లాలి. ఇంటి ఖర్చు అదే ఖాతాలోంచి తీశారంటే మేనేజరు మొదట వేలు పెట్టేది అక్కడే.

బుడ్డల_గానుగ:
డ్రమ్ముకు ఇత్తడి కుళాయే ఉంది! చెక్క కూడా జిడ్డుగానే ఉంటోంది, అది మంచి గుణం అనుకున్నా. డబ్బా తెచ్చుకున్నవాళ్లకు విడిగా నింపి ఇస్తే బాటిల్ ఖర్చు తప్పుతుంది కదా?

లెక్కలపుస్తకం:
వద్దన్నా. రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేకంగా మినహాయిస్తే తప్ప విడి నూనె అమ్మకం ఆహార భద్రత నిబంధనల ప్రకారం నిషిద్ధం. 5 లీటర్ల క్యాన్ పెట్టండి, లీటరుకు ప్యాకింగు ఖర్చు తగ్గుతుంది. లేబుల్ మీద లీటర్లతో పాటు బరువు కూడా వేయాలి. బ్యాచ్, తేదీ, ఎమ్మార్పీ, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు, ఆకుపచ్చ చుక్క మరవొద్దు. "గుండెకు మంచిది" లాంటి మాటలు రాయొద్దు, నోటీసు వస్తుంది.

రుణ_ఖాతా:
బెంగళూరు మాట ఎవరూ ఎత్తలేదు. ధర్మవరం నుంచి అక్కడికి అమ్మితే రాష్ట్రం దాటినట్టు. టర్నోవరు ఎంత తక్కువైనా జీఎస్టీ నమోదు తప్పనిసరి. నూనెకు పన్ను 5 శాతం. అక్కడి దుకాణాలూ 20 శాతం కమీషనే అడిగితే, లీటరుకు మీకు మిగిలే ఆ 9 రూపాయలూ పన్నుకే చాలవు. ముందు ధర మాట్లాడుకుని, తర్వాత నమోదుకు వెళ్లండి.