ఓడిన పార్టీ మళ్లీ లేవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

బూత్_ఏజెంట్:
మా మండలంలో పార్టీ ఆఫీసంటే ఒక అద్దె గది. కౌంటింగ్ రోజు పన్నెండింటికే టీవీ కట్టేసి తాళం వేశాం. తాళంచెవి ఇంకా నా దగ్గరే ఉంది. ఓనరు అద్దె బాకీ అడుగుతున్నాడు, ఇన్‌ఛార్జి ఫోన్ ఎత్తడు. మొన్న ఫంక్షన్ హాల్లో సమీక్ష పెట్టారు. మైకు పట్టినవాళ్లంతా ఈవీఎంలనే తిట్టారు. నా బూత్‌లో గతసారి 212 మెజారిటీ, ఈసారి 87 మైనస్. ఎందుకో కాగితం మీద రాసుకెళ్లాను. మైకు నా దాకా వచ్చేలోపే భోజనాలకు లేచారు. పార్టీ పేరు వద్దులెండి. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

మిరపచేను:
పాదయాత్ర ఒక్కటే మందు. 2003లో వైఎస్ చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచారు, 2004లో కాంగ్రెస్‌కు 185 సీట్లొచ్చాయి. తర్వాత అందరూ ఆ దారే పట్టారు.

పాత_కార్యకర్త:
నడకే గెలిపించేదైతే, షర్మిల తెలంగాణలో మూడు వేల కిలోమీటర్లకు పైగా నడిచారు. 2023లో ఆమె పార్టీ పోటీయే చేయలేదు. నాయకుడు మన ఊళ్లో ఉండేది ఒక పూట, మర్నాటి నుంచి ఎవరు తిరుగుతారు?

తమ్ముడూ, ఆ కాగితం పారేయకు. ఎన్నికల సంఘం వాళ్ల సైట్‌లో ఫారం 20 ఉంటుంది, బూత్‌ల వారీ ఓట్లన్నీ అందులోనే. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూడు. తర్వాత ఓటరు లిస్టు తీసి, చేజారాయనుకున్న ఇళ్లకు టిక్కు పెట్టుకో. కండువా ఇంట్లో పెట్టి వెళ్లు. 'ఎందుకు వేయలేదు' అనొద్దు, మొహమాటానికి 'మీకే వేశాం' అంటారు. 'మావల్ల ఏమైనా ఇబ్బంది పడ్డారా' అని అడిగి నోరు మూసుకో.

మా ఊళ్లో ఒకసారి ఓడినప్పుడు పథకాలు అందకే ఓడామనుకున్నాం. ఇల్లిల్లూ తిరిగితే వేరే సంగతి బయటపడింది. మా నాయకుడి బావమరిది చెరువుమట్టి ట్రాక్టరుకి వంద చొప్పున వసూలు చేశాడట. నలభై ఇళ్లు ఆ వంద దగ్గరే తెగిపోయాయి. సమీక్షలో ఆ మాట ఎవరంటారు? ఆయన ముందు వరసలోనే కూర్చున్నాడాయె.

సీట్లు చూసి డీలా పడకు. 2019లో టీడీపీకి 23, 2024లో వైసీపీకి 11. ఓట్లు మాత్రం రెండింటికీ 39 శాతం పైనే.

మానేరు_ఒడ్డు:
అన్నా, మా హుజూరాబాద్ చూడు. 2018లో కాంగ్రెస్‌కు 61 వేల ఓట్లు, 2021 ఉపఎన్నికలో మూడు వేలు. డిపాజిట్ పోయింది. అప్పటికే 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్ఎస్‌లో కలిసిపోయారు. అదే కాంగ్రెస్‌కు 2023లో రాష్ట్రంలో 64 సీట్లు. ఎదుటోళ్ల మీద కోపం కూడా కలిసొచ్చింది, కాదనను. హుజూరాబాద్ మాత్రం అప్పుడూ దక్కలేదు.

బూత్_ఏజెంట్:
ఇవాళ తాళం తీశాను. ఫ్లెక్సీల కింద ఓటరు లిస్టు దొరికింది, ఒక మూల ఎలుకలు కొరికాయి. పెద్దాయనా, మీరు చెప్పిన బావమరిది లాంటోడు మా బూత్‌లోనూ ఉన్నాడు. మా పెదనాన్న కొడుకే. టిక్కులు సగం వాళ్ల వీధిలోనే పడ్డాయి.

పాత_కార్యకర్త:
అయితే ఆ వీధికి నువ్వు వెళ్లకు. నీ ముందు ఎవరూ నోరు విప్పరు. వేరే పేటవాళ్లను పంపు.