అప్‌డేట్: ఒకే గొంతుతో మూడు కార్టూన్ పాత్రలు, తేడా ఎలా వచ్చిందంటే

నేను గొంతిస్తున్న కార్టూన్‌లో ఉడుత, బాతు, పోలీసు ముగ్గురూ ఒకేలా వినిపిస్తున్నారు, విజయవాడలో ఇంట్లోనే రికార్డింగ్, ఏం చేయాలని ఇంతకుముందు అడిగాను. అమెరికన్ కార్టూన్లకి గొంతిచ్చిన మెల్ బ్లాంక్‌ని (1908–1989) శ్రద్ధగా వినమన్న సలహాయే పనిచేసింది. బగ్స్ బన్నీ, ట్వీటీ, డాఫీ, సిల్వెస్టర్ అన్నీ ఆయన గొంతులే. డాఫీది, సిల్వెస్టర్‌ది దాదాపు ఒకే గొంతు. కాకపోతే డాఫీది వేగం పెంచిన రికార్డింగ్.

ఉడుతకి అదే పద్ధతి. ఆడాసిటీలో (సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) పిచ్ (శ్రుతి) ఒక్కటే మారిస్తే రేకు డబ్బా మోత వస్తుంది. స్పీడే 12 శాతం పెంచండి, పిచ్ రెండు సెమీటోన్లు (హార్మోనియంలో పక్కపక్క మెట్ల మధ్య తేడా ఒక సెమీటోను) లేస్తుంది. నిడివి తగ్గుతుంది కాబట్టి 10 సెకన్ల డైలాగుని 11.2 సెకన్లు సాగదీసి చెప్పాలి. లేదంటే లిప్‌సింక్ పోతుంది, ఒత్తులు మింగేసినట్టుంటాయి. స, శ ఈల వేస్తాయి. అందుకే మైకు నోటికి ఎదురుగా వద్దు, కాస్త పక్కకి, జానెడు దూరంలో.

బాతుకి నాలుక పక్కల నుంచి గాలి వదిలితే చాలు. పోలీసుకి గొంతు నొక్కి బొంగురు చేయకండి, సీను మధ్యలోనే పట్టేస్తుంది. దవడ దించి మాట్లాడండి.

డైలాగులు స్క్రిప్టు వరసలో కాదు, పాత్రల వారీగా. అరుపులు అన్నిటికన్నా ఆఖర్న.

ఏలూరు రోడ్డు హారన్లు కిటికీకి బొంతలు కట్టినా ఆగవు, రాత్రి 11 దాటాకే పని. ఫ్యాన్ ఆపాల్సిందే (మే నెల బెజవాడలో!). ఆడాసిటీలో వెనక రొదని తగ్గించే నాయిస్ రిడక్షన్‌ని 12 డీబీ (డెసిబెల్స్) దాటిస్తే మాటల చివరలు తెగుతున్నాయి.