అప్‌డేట్: రడ్డర్ పెడల్స్, ఎడమకి లాగే సెస్నా

మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో (కంప్యూటర్‌లో విమానం నడిపే గేమ్) సెస్నా 172 అనే చిన్న విమానం టేకాఫ్‌లో ఎడమకి లాగేస్తోంది, కాళ్లతో నొక్కి ముక్కుని పక్కకి తిప్పే నా కొత్త రడ్డర్ పెడల్స్‌లో లోపమా అని ఇంతకుముందు అడిగాను కదా. పెడల్స్ బాగానే ఉన్నాయి. ఆ విమానం తీరే అంత! ఫుల్ పవర్‌లో ప్రొపెల్లర్ నుంచి మెలి తిరుగుతూ వచ్చే గాలి తోక మీది నిలువు రెక్కని ఎడమ పక్క నుంచి కొడుతుంది, దాంతో ముక్కు ఎడమకి తిరుగుతుంది. ఇదొక్కటే కారణం కాదు గానీ, నాకు అర్థమైంది మాత్రం దీనితోనే.

మీరు చెప్పినట్టు థ్రాటిల్ (ఇంజిన్ పవర్ కంట్రోల్) మెల్లగా పెంచుతూ, దాంతోపాటే కుడి పెడల్ నొక్కుతున్నా. మడమలు నేల మీదే ఉంచితే పెడల్స్ పైభాగంలో ఉండే బ్రేకులు పొరపాటున పడట్లేదు. గాల్లో టర్న్ తిరిగేటప్పుడు విమానం పక్కకి జారుతోందా అని చూపించే మీటర్‌లోని బంతి ఎటు జారితే అటు పెడల్, ఇది తొందరగానే అలవాటైంది.

క్రాస్‌విండ్ (పక్క నుంచి వీచే గాలి) ల్యాండింగ్ అంటే ఇంకా టెన్షనే. ముక్కు సరిచేసేసరికి గాలి వచ్చే వైపు రెక్క లేస్తోంది. యోక్ (విమానం స్టీరింగ్) అటు తిప్పి పట్టుకోవడం ప్రాక్టీస్ చేస్తున్నా.