అల్యూమినియానికి వేరే బర్ కొనాల్నా, డబుల్ కట్‌తోనే నడిపియ్యొచ్చా?

జీడిమెట్ల పోరడు:
అన్నలూ, నమస్తే. మాది చిన్న జాబ్ షాపు, రెండు మిల్లింగ్ మెషిన్లు. ఇప్పుడు అల్యూమినియం పంపు బాడీలు 40 వచ్చినయి. లోపలి పోర్టు (రంధ్రం) అంచు మీద బర్రు, అంటే కోసినంక మిగిలే పదును పొర, లేస్తుంది, అది తీసి జరంత రౌండు చేసియ్యాలె. మా దగ్గర ఉన్నది 12 ఎంఎం డబుల్ కట్ కార్బైడ్ బర్, అంటే గ్రైండర్ల తిరుగుకుంట కోసే పండ్ల టూలు. 6 ఎంఎం షాంకు (కాడ), స్ట్రెయిట్ గ్రైండర్ల పెట్టి కొడుతున్న. మూడో బాడీకే పండ్ల సందులన్ని వెండి పూత పూసినట్టు నిండిపోయినయి. ఇగ కోస్తలేదు, రుద్దుతుంది. అల్యూమినియం కట్ అని వేరే ఉంటదంట, రాణీగంజ్‌ల అడిగితే దీనికన్న ఎక్కువ రేటు చెప్పిండ్రు. మా ఓనరేమో "కిరసనాయిల్ల ముంచి కొట్టు, గదే కోస్తది" అంటుండు. ఎవరి మాట ఇనాలె?

ఆటోనగర్ రెంచి:
ఓనరుగారి మాటే విను తమ్ముడూ, కిరసనాయిలు సంగతి పక్కనపెట్టి. బెజవాడలో బళ్ల ఇంజిన్ హెడ్లకి పోర్టింగ్ చేస్తా, అంటే లోపలి గాలి దారులు కోసి సాపు చేస్తా, పద్దెనిమిదేళ్లయింది. నా డబ్బాలో అల్యూమినియం కట్ ఒక్కటంటే ఒక్కటి లేదు. పక్కన కొవ్వొత్తి పెట్టుకుంటా. తిరిగే బర్‌ని దానికోసారి తాకించి జాబ్ మీదకెళ్తా, పది పదిహేను సెకన్లు కోశాక మళ్లీ కొవ్వొత్తి. లోహానికో బర్ కొనమనేది అమ్ముకునేవాడి మాట.

పాత టూల్‌రూమ్:
రెంచి గారూ, కొవ్వొత్తి పనిచేస్తుంది, కాదనను. అయితే ఎంతసేపు? డబుల్ కట్ అంటే ఒక వరస గాళ్లకు అడ్డంగా ఇంకో వరస కోసినది. ఉక్కు మీద దాన్ని మించింది లేదు. పొట్టు చిన్న తునకలై రాలిపోతుంది, బర్ చేతిలో కుదురుగా ఉంటుంది. అల్యూమినియం మెత్తన, పైగా జిగట. వేడెక్కితే పొట్టు ఎగిరిపోకుండా పంటికే అతుక్కుంటుంది, దాని మీద మరో పొర. ఆ సన్న గాడిలోంచి అది పోవడానికి దారేదీ? అల్యూమినియం కట్‌లో పళ్లు తక్కువ, గాడి లోతు, వెడల్పు. మైనం రాస్తే అతుక్కోవడం కాస్త ఆలస్యమవుతుంది, అంతే. గాడి పెద్దదైపోదు కదా.

పోరడా, అసలు సంగతి నువ్వు చెప్పనేలేదు. గ్రైండర్ ప్లేటు మీద స్పీడెంత?

జీడిమెట్ల పోరడు:
27,000 అని ఉందన్నా. తగ్గించే నాబ్ లేదు.

పాత టూల్‌రూమ్:
అదీ సంగతి. 12 ఎంఎం తల చుట్టుకొలత 37.7 ఎంఎం. నిమిషానికి 27,000 చుట్లంటే పంటి వేగం నిమిషానికి వెయ్యి మీటర్లు దాటేసింది. ఉక్కు మీదైతే ఇందులో సగం చాలు. అల్యూమినియం కట్‌ని అల్యూమినియం మీద నేను 600 నుంచి 900 మీటర్ల మధ్య నడుపుతా, అంటే 12 ఎంఎం తలకి 16,000 నుంచి 24,000 చుట్లు. నువ్వు కోయడం లేదు బాబూ, వేడి చేసి పూస్తున్నావు. నాబ్ లేదంటావా, తల చిన్నది పెట్టు. అదే గ్రైండర్‌లో 8 ఎంఎం తల పెడితే 680 మీటర్లకు దిగుతుంది. రేటు కూడా తగ్గుతుంది.

ఆటోనగర్ రెంచి:
లెక్కలు బానే ఉన్నాయి. అల్యూమినియం కట్ పట్టుకుని లాగేస్తుందన్న మాట మాత్రం ఎవరూ చెప్పరేం? హెడ్‌లో వాల్వ్ కూర్చునే సీటు రింగూ, అది జారే గైడూ అల్యూమినియం కావు. ఒకసారి పక్క షాపులో అరువు తెచ్చిన అల్యూమినియం కట్‌తో ఇంటేక్ పోర్టు కోస్తున్నా. సీటుకి ఇలా తగిలిందో లేదో, రెండు పళ్లు ఊడాయి, బర్ గెంతి సీటు ముఖం మీద ఈ చివర్నుంచి ఆ చివరికి గీత. రింగు మార్చి ఇచ్చా, నా జేబులోంచి. ఆరోజు నుంచి దండం పెట్టేశా. డబుల్ కట్ తగిలినా అలా గెంతదు.

పాత టూల్‌రూమ్:
ఇది ఒప్పుకుంటాను. రెండు లోహాలు పక్కపక్కనే ఉన్నచోట నేనూ డబుల్ కట్టే వాడతా. పోరడా, నీ పంపు బాడీలో స్టీలు బుష్ ఏమైనా ఉందా?

జీడిమెట్ల పోరడు:
లేదన్నా. మొత్తం అల్యూమినియమే.

ఆకురాయి:
40 బాడీలకు ఇంత రభసా! మిల్లింగ్ అంచు మీద బర్రుకి చేత్తో గీకే డీబర్రింగ్ బ్లేడు చాలు. బర్రు తీయడానికి బర్, ఆ బర్ శుభ్రం చేయడానికి ఇంకోటి.

జీడిమెట్ల పోరడు:
పైఅంచుకైతే ఓకే అన్నా. లోపల రెండు రంధ్రాలు కలిసే కాడ బ్లేడు తిరగది. మా దగ్గర గులాబీ రంగు గ్రైండింగ్ రాళ్లు గూడ ఉన్నయి, అవి పెట్టొచ్చా?

పాత టూల్‌రూమ్:
అల్యూమినియం మీద ఆ రాయి వద్దే వద్దు. అదీ ఇలాగే నిండుతుంది, నిండిన రాయిని అదిమితే వేడికి పగలొచ్చు. 27,000 మీద పగిలిన రాయి ముక్క ఎటెళ్తుందో ఎవరూ చెప్పలేరు.

విశాఖ ఫిట్టర్:
కిరసనాయిల్లో ముంచమన్న ఓనరుగారికి ఒక మాట. కరెంటు గ్రైండర్ లోపల కార్బన్ బ్రష్‌ల దగ్గర రవ్వలు పడుతూనే ఉంటాయి. చుక్కలు లోపలికి పోతే ఎవరు పూచీ? ఇంకోటి, ముఖానికి అడ్డం పెట్టుకోండి. నేను స్టెయిన్‌లెస్ మీద సింగిల్ కట్ (ఒకే వరస గాళ్ల బర్) వాడిన రోజుల్లో పొట్టు పొడుగ్గా సూదుల్లా వచ్చేది. చొక్కా చేతి మడతలో ఒకటి ఇంటిదాకా వచ్చి, అన్నం కలుపుతుంటే వేలి సందులో దిగింది. మూడోరోజు చీము. నూలు గ్లౌజులు మాత్రం వేసుకోకండి, దారం బర్‌కి చుట్టుకుంటే వేలూ దానితోపాటే పోతుంది.

కెమిస్ట్రీ బావ:
నిండిపోయిన పాత బర్ పారేయకు తమ్ముడూ. కాస్టిక్ సోడా నీళ్లలో వేస్తే అల్యూమినియం బుసబుసా కరిగిపోతుంది, కార్బైడ్ అలాగే ఉంటుంది.

పాత టూల్‌రూమ్:
ఆ బుసబుస హైడ్రోజన్. ఆరుబయట, ప్లాస్టిక్ మగ్గులో, కళ్లద్దాలూ రబ్బరు గ్లౌజులూ వేసుకుని చేయండి. మా దగ్గర ట్రైనీ ఒకడు చేతికందిన అల్యూమినియం గిన్నెలో పోశాడు. బర్ శుభ్రపడింది, గిన్నెకి అడుగు లేదు.

జీడిమెట్ల పోరడు:
అన్నలూ, అప్‌డేట్. పాతదాన్ని బయట, ప్లాస్టిక్ మగ్గుల కాస్టిక్ పోసి కడిగిన, కొత్తదాని లెక్కయింది. ఓనరును బతిమాలి 8 ఎంఎం అల్యూమినియం కట్ ఒకటి కొనిపిచ్చిన. దానికి గూడ కొవ్వొత్తి తాకిస్తున్న. పొద్దటి సంది 14 బాడీలైనయి, ఒక్కసారి గూడ నిండలే. కాకపోతే రెంచి అన్న చెప్పినట్టే మూల కాడ పట్టి గుంజింది, రెండు బాడీల మీద గీతలు. వాటిని కడిగిన డబుల్ కట్‌తోని మెల్లగ సాపు చేసిన. ఓనరు వచ్చి కొవ్వొత్తి చూసి "చూసినవా, నేను చెప్పిందే" అంటుండు.

ఆటోనగర్ రెంచి:
కొవ్వొత్తి చెప్పింది నేను తమ్ముడూ. ఆయన చెప్పింది కిరసనాయిలు.