పాత ప్రాజెక్టు లేఅవుట్ కాపీ చేస్తే "రిసోర్స్ నాట్ ఫౌండ్": క్లీన్, రీబిల్డ్ చేసినా పోవట్లేదు

ప్రశ్న

ఆండ్రాయిడ్ స్టూడియోలో పాత ప్రాజెక్టు నుంచి ఫ్రాగ్మెంట్_ప్రొఫైల్ లేఅవుట్ తెచ్చి కొత్తదాని రెస్/లేఅవుట్ ఫోల్డర్‌లో పెట్టాను. పాతది సపోర్ట్ లైబ్రరీ, కొత్తది దాని స్థానంలో వచ్చిన ఆండ్రాయిడ్‌ఎక్స్, మినిమమ్ ఎస్‌డీకే (యాప్ నడవడానికి కావాల్సిన కనీస ఏపీఐ స్థాయి) 21. బిల్డ్ కొడితే వచ్చేవి ఇవి:

రిసోర్స్ స్ట్రింగ్/ప్రొఫైల్_టైటిల్ నాట్ ఫౌండ్
రిసోర్స్ డ్రాయబుల్/బీజీ_కార్డ్ నాట్ ఫౌండ్
ఆట్రిబ్యూట్ లేఅవుట్_కన్‌స్ట్రెయింట్‌టాప్_టుటాప్‌ఆఫ్ నాట్ ఫౌండ్
ఫెయిల్డ్ లింకింగ్ ఫైల్ రిసోర్సెస్

పైగా కాట్లిన్ ఫైళ్లన్నిటిలో "ఆర్" (రిసోర్సుల ఐడీలుండే క్లాస్) ఎర్రగా అయిపోయింది. క్లీన్, రీబిల్డ్, ఇన్‌వాలిడేట్ క్యాషెస్ మూడూ అయ్యాయండి. ఏది ముందు సరిచేయాలి?

జవాబు 1

క్యాష్‌ని వదిలేయండి, తప్పు అక్కడ లేదు. లేఅవుట్ ఫైల్‌లో ఉండేవి చాలావరకు పేర్లే. @స్ట్రింగ్/ప్రొఫైల్_టైటిల్ అని రాసి ఉంటుంది గానీ ఆ పేరు వెనక ఉన్న మాట పాత ప్రాజెక్టు స్ట్రింగ్స్ ఫైల్లోనే ఉండిపోయింది. ఏఏపీటీ2 (బిల్డ్‌లో రిసోర్సుల పని చూసే టూల్) మొదట ఒక్కో ఫైల్‌ని విడిగా కంపైల్ చేస్తుంది, తర్వాత లింకింగ్‌లో పేర్లన్నీ కలిపి చూస్తుంది. మీకు ఆగింది ఈ రెండో అంచెలో. అది పూర్తవకపోతే ఆర్ క్లాస్ తయారవదు, అందుకే కాట్లిన్‌లో ఆ ఎరుపు. కాట్లిన్ ఫైళ్లు ముట్టుకోవద్దు. ముఖ్యంగా ఆల్ట్, ఎంటర్ నొక్కినప్పుడు ఆండ్రాయిడ్ డాట్ ఆర్ ఇంపోర్ట్ చేయమంటే ఒప్పుకోకండి. అది సిస్టమ్ ఆర్, మీ లేఅవుట్లు అందులో ఎప్పటికీ కనిపించవు. పాత ప్యాకేజీ పేరుతో వచ్చిన ఆర్ ఇంపోర్ట్ లైన్ ఉంటే అదొక్కటి మాత్రం తీసేయండి.

మొత్తం బిల్డ్ అక్కర్లేదు. టెర్మినల్లో గ్రాడిల్‌డబ్ల్యూ :యాప్:ప్రాసెస్‌డీబగ్‌రిసోర్సెస్ టాస్క్ ఒక్కటే నడపండి. రిసోర్స్ ఎర్రర్లు మాత్రమే, త్వరగా వస్తాయి.

ఇక ఎర్రర్లో స్లాష్‌కి ముందున్న మాట చూడండి. స్ట్రింగ్, డైమెన్ అయితే వాల్యూస్ ఫోల్డర్‌లోని ఫైళ్లు. కావాల్సిన లైన్లే తెచ్చుకోండి, స్ట్రింగ్స్ ఫైల్ మొత్తం అతికిస్తే యాప్_నేమ్ రెండుసార్లు పడి "డూప్లికేట్ రిసోర్సెస్" అని ఇంకో ఎర్రర్ మొదలవుతుంది. కలర్ అయితే రెండు చోట్లా వెతకాలి: వాల్యూస్‌లోని కలర్స్ ఫైల్, రెస్/కలర్ ఫోల్డర్. బటన్ నొక్కినప్పుడు రంగు మారే సెలెక్టర్లు రెండోదాంట్లో ఉంటాయి, చాలామంది అదే మర్చిపోతారు. డ్రాయబుల్ తెస్తే పని అక్కడితో అవదు. బీజీ_కార్డ్ లోపల @కలర్/కార్డ్_అంచు లాంటిది ఇంకోటి ఉండొచ్చు. అందుకే ఒకటి సరిచేస్తే కొత్త ఎర్రర్ పుట్టినట్టు కనిపిస్తుంది. కంగారు పడక్కర్లేదు, పొర తర్వాత పొర వస్తోందంతే.

మూడో ఎర్రర్ వేరే జాతి. ఆట్రిబ్యూట్ దొరకలేదంటే విలువ కాదు, లైబ్రరీయే లేదని. యాప్ మాడ్యూల్ బిల్డ్ ఫైల్లో ఆండ్రాయిడ్‌ఎక్స్ కన్‌స్ట్రెయింట్‌లేఅవుట్ డిపెండెన్సీ చేర్చి సింక్ చేయండి. లేఅవుట్‌లో ట్యాగ్ పేరు కూడా ఆండ్రాయిడ్.సపోర్ట్.కన్‌స్ట్రెయింట్.కన్‌స్ట్రెయింట్‌లేఅవుట్ నుంచి ఆండ్రాయిడ్‌ఎక్స్.కన్‌స్ట్రెయింట్‌లేఅవుట్.విడ్జెట్.కన్‌స్ట్రెయింట్‌లేఅవుట్‌కి మార్చాలి. ఈ ట్యాగ్ తప్పుని బిల్డ్ పట్టుకోదు. స్క్రీన్ తెరిచాకే "ఎర్రర్ ఇన్‌ఫ్లేటింగ్ క్లాస్" అని యాప్ పడిపోతుంది.

జవాబు 2

పైన చెప్పిందంతా సరిగ్గా ఉంది. బిల్డ్ పాసయ్యాక వచ్చేవి కొన్ని ఉన్నాయి.

డ్రాయబుల్ పేస్ట్ చేసేటప్పుడు స్టూడియో ఒక చిన్న డబ్బా చూపిస్తుంది, అందులో డ్రాయబుల్, డ్రాయబుల్-వి24 అని రెండు ఫోల్డర్లు ఉండొచ్చు. చూడకుండా ఓకే కొట్టి వి24లో పడేస్తే ఆ బొమ్మ ఏపీఐ 24, అంటే ఆండ్రాయిడ్ 7.0 నుంచి పైకే దొరుకుతుంది. మీ మినిమమ్ 21 కాబట్టి మీ ఫోన్లో బాగానే నడిచి పాత ఫోన్లలో పడిపోతుంది. ఎప్పుడూ మామూలు డ్రాయబుల్‌లోనే పెట్టండి.

తెలుగు స్ట్రింగులు వాల్యూస్-టీఈలో పెడుతుంటే అదే పేరు మామూలు వాల్యూస్‌లో కూడా ఉండి తీరాలి. తెలుగు ఒక్కటే ఉంటే చాలదు.

ప్రశ్నార్థకంతో మొదలయ్యే రిఫరెన్సులు థీమ్ నుంచి వస్తాయి. లేఅవుట్‌లో మెటీరియల్ కార్డ్ గానీ మెటీరియల్ స్టైల్ పెట్టిన టెక్స్ట్‌ఇన్‌పుట్‌లేఅవుట్ గానీ ఉండి, యాప్ థీమ్ ఇంకా థీమ్.యాప్‌కాంపాట్ వారసత్వంలోనే ఉంటే "దిస్ కాంపొనెంట్ రిక్వైర్స్" అంటూ మెటీరియల్ థీమ్ అడుగుతుంది. అప్పుడు లేఅవుట్ మార్చొద్దు. థీమ్ పేరెంట్ మార్చి, మ్యానిఫెస్ట్‌లో ఏ థీమ్ పెట్టారో కూడా చూడండి.

ప్రశ్న అడిగినవారు

చాలా థ్యాంక్సండి. రెస్/కలర్ ఫోల్డర్ నిజంగానే మర్చిపోయాను. బిల్డ్ అయింది, ఆర్ ఎరుపు కూడా పోయింది. ఒక్కటి మిగిలింది: ఈ లేఅవుట్‌లో హెడర్‌ని ఇన్‌క్లూడ్ చేశాను. హెడర్ ఫైల్ రూట్‌కి @+ఐడీ/హెడర్_రూట్ ఉంది, ఇన్‌క్లూడ్ ట్యాగ్‌కి @+ఐడీ/టాప్_హెడర్ ఇచ్చాను. ఫైండ్‌వ్యూబైఐడీతో హెడర్_రూట్ అడిగితే నల్ వస్తోంది.

జవాబు 3

ఇన్‌క్లూడ్‌కి ఐడీ ఇస్తే అది లోపలి రూట్ ఐడీ మీద కూర్చుంటుంది. టాప్_హెడర్ అని అడగండి, వస్తుంది. లోపలి టెక్స్ట్‌వ్యూల ఐడీలు మారవు.

అలాగే ఇన్‌క్లూడ్ ట్యాగ్‌లో మార్జిన్ ఇచ్చినా పని చేయకపోతే అక్కడే లేఅవుట్_విడ్త్, లేఅవుట్_హైట్ రెండూ రాయాలి. అవి లేకుండా మిగతా లేఅవుట్_ ఆట్రిబ్యూట్లు పట్టవు.

వ్యూ బైండింగ్‌కి (ఫైండ్‌వ్యూబైఐడీ బదులు, లేఅవుట్ నుంచి తయారయ్యే క్లాస్ వాడే పద్ధతి) మారితే ఇన్‌క్లూడ్‌కి ఐడీ తప్పనిసరి, బైండింగ్.టాప్‌హెడర్ ద్వారా లోపలికి వెళ్తారు. కానీ హెడర్ ఫైల్ రూట్ మెర్జ్ ట్యాగ్ అయితే ఇది తిరగబడుతుంది: మెర్జ్‌కి సొంత వ్యూ ఉండదు కాబట్టి ఐడీ కూర్చోడానికి చోటు లేక "మిస్సింగ్ రిక్వైర్డ్ వ్యూ విత్ ఐడీ" అని పడుతుంది. అక్కడ ఇన్‌క్లూడ్ ఐడీ తీసేసి, హెడర్ బైండింగ్ క్లాస్‌లోని బైండ్ ఫంక్షన్‌కి బైండింగ్.రూట్ ఇవ్వండి.