క్యారవాన్‌లో నీళ్ల జాయింట్లు కారుతున్నాయి: టేపు చుట్టి నడిపించాలా, సీపీవీసీ మొత్తం పీకేయాలా?

కొంపల్లి_కుటీరం:

అన్నలూ అక్కలూ, ఒక్క విషయంలో మీ మాట కావాలి, రెండు వారాలుగా ఇంట్లో ఇదే గొడవ. మాది పాత ట్రావెలర్ బండి, రెండేళ్ల కింద బాలానగర్ వైపు ఒక షెడ్డులో క్యారవాన్‌లా మార్పించుకున్నాం, వెనక బెడ్డు, పక్కన చిన్న సింకు, టాయిలెట్టు, సీటు కింద 100 లీటర్ల ట్యాంకు, 12 వోల్టుల పంపు. బండి పక్కన తెల్ల ప్లేటుతో నీళ్ల కనెక్షన్ ఒకటుంది, అది మా బావగారు అమెరికా నుంచి వస్తూ సూట్‌కేసులో పెట్టుకుని తెచ్చింది. ఎక్కడన్నా ఆగినప్పుడు దానికి పైపు తగిలిస్తే ట్యాంకుతో పంపుతో పని లేకుండా నేరుగా నీళ్లొస్తాయి. లోపల లైనంతా సీపీవీసీ, అదే ఇళ్లలో వేసే గట్టి ప్లాస్టిక్ పైపు, మా ఇంటికి పని చేసిన ప్లంబరే చేశాడు.

ఆ పైపు తగిలించే దగ్గర మొదటి రోజు నుంచీ బొట్లు బొట్లుగా కారుతూనే ఉంది. ప్లంబర్ మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ టెఫ్లాన్ టేపు ఇంకాస్త మందంగా చుట్టి వెళ్లాడు. పోయిన వారం అమ్మానాన్నల్ని శ్రీశైలం తీసుకెళ్లాం, సత్రం దగ్గర బండి పెట్టుకుని ట్యాపులన్నీ కట్టేసి పడుకుంటే పంపు దానంతట అదే పావుగంటకోసారి టకటకమని రెండు సెకన్లు కొట్టుకుని ఆగిపోతుంది, నాన్నకి తెల్లవార్లూ నిద్ర లేదు. తిరిగొచ్చాక సింకు కింద పలక విప్పితే ప్లైవుడ్ ఉబ్బిపోయి నల్లగా అయిపోయింది. 

షెడ్డు వాళ్లేమో సీపీవీసీ అంతా పీకేసి ఫ్లెక్సిబుల్ పైపు వేసుకోండి అంటున్నారు. ప్లంబరేమో ఎమ్‌సీల్ (కలిపి అద్దితే గట్టిపడే ముద్ద) పెడితే చాలంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?

రాణీగంజ్_వాషర్:

మూడుసార్లు టేపు చుట్టినా ఆగలేదంటే అక్కడ టేపు పనే లేదని అర్థం సార్. పైపుని చేత్తో తిప్పి బిగించే జాయింటు ఏదైనా సరే, నీళ్లని ఆపేది లోపలుండే రబ్బరు వాషరు, థ్రెడ్డు కాదు. థ్రెడ్డు చేసేదల్లా ఆ వాషర్ని గట్టిగా అదిమి పట్టుకోవడమే. మీరు థ్రెడ్డు మీద టేపు మందంగా చుట్టే కొద్దీ నట్టు చివరిదాకా వెళ్లదు, వాషరు నొక్కుకోదు, ఇంకా ఎక్కువ కారుతుంది. టేపు పని చేసేది చివరికి పోను పోను లావయ్యే థ్రెడ్డులో, అంటే నిపిల్ (మరలున్న చిన్న పైపు ముక్క) వెళ్లి ఎల్బోలో (మలుపు జాయింటులో) బిగుసుకునే చోట.

ఇక అసలు జబ్బు బావగారు తెచ్చిన ప్లేటు. అమెరికాలో తోట పైపుల థ్రెడ్డు వేరు, వాళ్ల ముప్పావించికి ఇంచికి 11.5 మరలు ఉంటాయి, మన దగ్గర దొరికే ముప్పావించి బీఎస్పీకి, అంటే బ్రిటిష్ పద్ధతి థ్రెడ్డుకి, 14. సైజు కూడా వాళ్లది సుమారు 27 మిల్లీమీటర్లు, మనది 26.4. అందుకే మన పైపు మూతి అందులో పెడితే పట్టినట్టే పట్టి ఒకటిన్నర చుట్టు తిరిగి బిగుసుకుంటుంది, చేతికి గట్టిగానే తగులుతుంది, కానీ వాషరు దాకా ఇంకా పోనే లేదు. దాన్ని పానా పెట్టి ఇంకా తిప్పితే ప్లాస్టిక్ మరలు అరిగిపోతాయి. ఒకవైపు వాళ్ల థ్రెడ్డు ఒకవైపు మన థ్రెడ్డు ఉన్న ఇత్తడి అడాప్టర్ కావాలి, రెడీమేడ్‌గా దొరక్కపోతే బాలానగర్‌లో లేతు పనివాళ్లు కోసి ఇస్తారు, మీరు ప్లేటు చేతపట్టుకుని వెళ్లండి చాలు. లేదంటే ఆ ప్లేటే తీసేసి ఇక్కడి బీఎస్పీ ఇన్‌లెట్ పెట్టుకోండి.

షూటింగ్_బండి_డ్రైవర్:

నేను తొమ్మిదేండ్ల సంది షూటింగులకు క్యారవాన్ నడుపుతున్న అన్నా. వాషర్ మాట కరెక్టే, గానీ ఫ్లెక్సిబుల్ వేయమనేటోళ్లకు ఒక్క మాట చెప్త. ఎండాకాలం శంషాబాద్ అవతల ఔట్‌డోర్‌ల బండి పొద్దున్నుంచి పొద్దుగూకేదాంక ఎండలనే ఉంటది, లోపల ఏసీ ఉన్నా పైపులు పోయే సందులకు ఏసీ రాదు కదా, ప్లాస్టిక్ పైపు మెత్తవడి క్లిప్పు కాడ జారిపోతది. సీపీవీసీ పగిలితే బొట్టు బొట్టు కారుతది, చూసి బకెట్ పెట్టుకుంటం. పైపు క్లిప్పు కాడ ఊడితే ఏమైతది? పంపు ఆగదు, ట్యాంకు మొత్తం అయిపోయేదాంక కొడుతనే ఉంటది. నా బండిల గట్లనే అయింది, మేకప్ కుర్చీ కింద చీలమండ దాంక నీళ్లు, కార్పెట్టు పోయింది, ఇన్వర్టర్ పోయింది, ఆ దినం బత్తా గుడ కట్ చేసిండ్రు. 

రోడ్డు మీద ఉన్నప్పుడు సిలికాన్ టేపు, ఎమ్‌సీల్ రెండూ డాష్‌బోర్డుల ఉండాలె. ఎమ్‌సీల్‌ను తక్కువ చేసి మాట్లాడకుండ్రి, దాంతోని నేను రెండు షెడ్యూళ్లు దాటిచ్చిన.

రోడ్డుమీద_వంటిల్లు:

అన్నా మీ బండిలో ఆ నీళ్లు చేతులు కడుక్కోడానికి, నా బండిలో మా పిల్లలు అవే తాగుతారు, అక్కడే తేడా. కారుతున్న చోట ఎమ్‌సీల్ సరిగ్గా అంటుకోవాలంటే లైను ఖాళీ చేసి, తుడిచి, ఆరబెట్టి, కాస్త గరుకు పెట్టి అప్పుడు అద్దాలి. లోపల నీళ్లు తోస్తుండగా పైన అద్దితే అంచు సందులోంచి మళ్లీ వచ్చేస్తుంది, పైగా ఎక్కడ కారుతుందో కనపడకుండా కప్పేస్తుంది, కొంపల్లి వాళ్లకి అయినట్టే ప్లైవుడ్ నల్లబడ్డాక గానీ తెలియదు.

నా మట్టుకు ఏ పైపన్నది రెండో సంగతి. పలక వెనక, చెయ్యి దూరని చోట జాయింటు ఉండకూడదు, అంతే. మా బండిలో మొదట చేసిన లైనుకి పదకొండు జాయింట్లు, అందులో ఆరు ఎక్కడున్నాయో నాకు తెలియను కూడా తెలియదు. ఇప్పుడు పంపు నుంచి సింకుకి ఒకే ముక్క పైపు, పంపు నుంచి టాయిలెట్టుకి ఒకే ముక్క. ప్రతి జాయింటు కింద స్టీలు పళ్లెం పెట్టాను, వారానికోసారి వేలితో తడిమి చూస్తాను. అన్నట్టు బయట తగిలించే పైపు కూడా తోటకి వాడే పచ్చ పైపు వద్దు, ఎండలో పడి ఉన్నాక మొదట వచ్చే నీళ్లు ఒక్కసారి వాసన చూడండి, తాగునీటికి పనికొచ్చేదని రాసి ఉన్నదే కొనండి.

మౌలాలి_మేస్త్రి:

ప్లంబర్లందరినీ ఒకే గాటన కట్టకండి. 22 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. టేపు మీద టేపు చుట్టడం తప్పే, ఒప్పుకుంటాను, ఆ ప్లేటు థ్రెడ్డు వేరని అతనికి తెలిసి ఉండదు, మా దుకాణాల్లో అది కనపడదు కాబట్టి. కానీ సీపీవీసీనే పీకేయమనడం అన్యాయం. ఆ పైపు వేడినీళ్లకి చేసింది, ఎండకి మెత్తబడదు. జాయింటు వదిలేది ఎందుకంటే గోడలో పెట్టినట్టే బండిలోనూ పెడతారు కాబట్టి. ఇల్లు కదలదు, బండి కదులుతుంది. అడుగున్నరకో క్లాంపు వేసి, క్లాంపు కింద రబ్బరు ముక్క పెట్టి, పంపుకి అటూ ఇటూ మాత్రం అడుగు పొడుగు ఫ్లెక్సిబుల్ ఇస్తే ఆ పంపు వణుకు లైనులోకి పోదు. పైపు అతికించే సొల్యూషన్ పూసి గంట కాకముందే నీళ్లు వదిలే తొందర కూడా ఒక కారణం. ఇన్ని తప్పులు మనం చేసి పైపు మీద వేస్తే ఎలా?

ప్రెషర్_గేజి:

నేను రిటైరయ్యే వరకు ప్లాంటు మెయింటెనెన్సులో పనిచేసినవాణ్ణి, ప్రస్తుతం రామచంద్రాపురంలో ఉంటాను. ఇంతమంది మాట్లాడారు, ఒక్కరూ ప్రెషర్ ఎంతో అడగలేదు బాబూ. నీళ్లు 10 మీటర్ల ఎత్తు నుంచి దిగితే సుమారు ఒక కేజీ ప్రెషర్ (చదరపు సెంటీమీటరుకి). ఐదంతస్తుల అపార్ట్‌మెంటు మీద ట్యాంకు 18 మీటర్ల ఎత్తులో ఉంటే కింద వాచ్‌మన్ కుళాయి దగ్గర 1.8 కేజీలు, దానికి ఏ భయమూ లేదు. అదే ప్రెషర్ పంపులు పెట్టిన గేటెడ్ కమ్యూనిటీలో తగిలిస్తే 3, 4 కేజీలు కూడా ఉండొచ్చు, అందరూ పడుకుని వాడకం లేనప్పుడు అది పూర్తిగా మీ బండి మీదే కూర్చుంటుంది. మీ పంపు మాత్రం చాలావరకు రెండున్నర, మూడు కేజీల దగ్గరే కట్ అవుతుంది. అంటే బండి లైను ట్యాంకు మీద నడిచేటప్పుడు బాగానే ఉండి, బయట పైపు తగిలించినప్పుడు మాత్రమే కారొచ్చు. ప్రెషర్ తగ్గించే వాల్వు ఒకటి కొని 2.5 దగ్గర సెట్ చేసి కుళాయి వైపున పెట్టండి, బండి వైపున కాదు, అప్పుడు మధ్యలో పైపు కూడా పగలకుండా ఉంటుంది.

పీకడానికి ముందు ఈ పరీక్ష చేయండి. ట్యాపులు కట్టేసినా పంపు కొట్టుకుంటోందంటే లైనులో ప్రెషర్ ఎక్కడో తగ్గుతోందన్నమాట. పంపు దాటాక బాల్ వాల్వు ఉందా? రాత్రి దాన్ని కట్టేసి పంపు స్విచ్చి వేసి ఉంచండి. అయినా పంపు కొట్టుకుంటే దాని లోపలి ఎన్ఆర్‌వీ (నీళ్లు వెనక్కి పోకుండా ఆపే వాల్వు) నీళ్లని వెనక్కి ట్యాంకులోకి వదిలేస్తోంది, మీ జాయింట్లకి ఏ పాపమూ తెలియదు. పంపు నిశ్శబ్దంగా ఉంటే లీకు వాల్వు తర్వాత ఉంది. ఇంకొకటి, పంపు ఆపేసి బయట పైపు తగిలించి గంట తర్వాత ట్యాంకు లెవెల్ చూడండి, పెరిగితే ఆ ఎన్ఆర్‌వీ పట్టడం లేదన్నట్టే. మన బోరు నీళ్లకి గీజర్లో పట్టే తెల్ల పెచ్చే దీని సీటు మీద కూడా పడుతుంది, విప్పి నిమ్మఉప్పు నీళ్లలో నానబెడితే చాలాసార్లు బాగుపడుతుంది.

రాణీగంజ్_వాషర్:

గేజి గారి మాటకి ఒకటి కలుపుతాను. ఆ ప్లేటుకి లోపలివైపు అరించి థ్రెడ్డు కూడా అమెరికా పద్ధతిదే అయ్యుంటుంది. అక్కడ మరలు వాళ్లకీ మనకీ ఇంచికి 14 కాబట్టి తిప్పితే వెళ్లిపోతుంది, కానీ మర కోణం వాళ్లది 60 డిగ్రీలు, మనది 55, సన్నగా చెమర్చుతూ ఉంటుంది. దాన్ని ఆపుదామని ఇంకా టేపు వేసి ఇంకా బిగిస్తే అవతల ప్లాస్టిక్ ఎఫ్‌టీఏ (లోపల మరలుండే అడాప్టర్) నెర్రె ఇస్తుంది. కొంపల్లి గారూ, అదొక్కటి టార్చి వేసి చూడండి.

కొంపల్లి_కుటీరం:

అందరికీ దండాలు. నిన్న రాత్రంతా ఇదే పనిలో ఉన్నాను. బాల్ వాల్వు కట్టేసి పడుకుంటే పంపు ఒక్కసారి కూడా మోగలేదు, అంటే ఎన్ఆర్‌వీ మంచిదే, లీకు ముందుకే ఉంది. పొద్దున్నే లైను నింపి ప్రతి జాయింటుకీ టిష్యూ పేపరు చుట్టి అరగంట వదిలేశా, రెండు చోట్ల తడిసింది. ఒకటి వాషర్ గారు చెప్పిన చోటే, ప్లేటు వెనక ఎఫ్‌టీఏకి నిలువునా వెంట్రుకంత నెర్రె, అందులోంచి లాగితే మూరెడు టేపు వచ్చింది. రెండోది వెనక చక్రం డబ్బా పక్కన ఎల్బో, అక్కడ నాలుగడుగుల పైపుకి ఒక్క క్లాంపు కూడా లేదు, చేత్తో కదిపితే ఊగుతోంది. మేస్త్రి గారు చెప్పింది అక్షరాలా నిజం. బయట పైపు మూతి మాత్రం పాత టేపంతా గీకేసి కొత్త వాషరు వేసినా కారుతోంది, ఒకటిన్నర చుట్టు దగ్గరే ఆగిపోతోంది.

ప్రెషర్ కూడా చూశా, మా కింద కుళాయి దగ్గర 1.6 మాత్రమే. మా చెల్లెలి వాళ్ల కమ్యూనిటీలో 3.8 చూపించింది, మేం బండి ఎక్కువ పెట్టేది అక్కడే.

మౌలాలి_మేస్త్రి:

చూశారా? రెండు లీకులూ పైపువి కావు. ఒకటి బలవంతంగా బిగించినందుకు, ఒకటి క్లాంపు లేనందుకు. ఎఫ్‌టీఏ ఇత్తడి మరలున్నది వేయించండి, ఎల్బో కోసి కొత్తది పెట్టించండి, క్లాంపులు వేయండి, సరిపోతుంది. మొత్తం పీకే ఖర్చు దండగ.

రోడ్డుమీద_వంటిల్లు:

మేస్త్రి గారూ మీ మీద గౌరవంతోనే అడుగుతున్నా, ఆ చక్రం పక్కన ఎల్బో దగ్గరికి వాళ్లు ఈసారి ఎలా వెళ్తారు? పలక విప్పడానికే సగం రోజు పట్టి ఉంటుంది. సరిగ్గా వేసినా రాయలసీమ రోడ్లో, ఏ ఘాట్‌లోనో రెండేళ్లు కుదిపాక మళ్లీ అక్కడే వదిలితే కనుక్కునేసరికి ఇంకో ప్లైవుడ్ కుళ్లిపోతుంది. ఆ ఒక్క ముక్కయినా జాయింటు లేని పైపుతో లాగేయాలి, పెక్స్ అనే ప్లాస్టిక్ పైపు అయితే వేడికీ నిలుస్తుంది, వంగుతుంది కూడా.

షూటింగ్_బండి_డ్రైవర్:

పెక్స్ మంచిదే అక్కా, గానీ దాని రింగు నొక్కే ప్లయరు అందరి తాన ఉండదు. శ్రీశైలం ఘాట్‌ల వదిలితే ఎవడు వచ్చి నొక్కుతడు? సీపీవీసీ ముక్క, సొల్యూషన్ డబ్బా ఏ మండల కేంద్రంల అయినా దొరుకుతయి. బండి నడిపేటోడు అది గుడ చూసుకోవాలె కదా. నా మాట ఏందంటే ఏ పైపన్నా వేయుండ్రి, పంపు స్విచ్చి మాత్రం డ్రైవర్ సీటు కాడికి గుంజుండ్రి, బండి కదిలే ముందు పంపు బంద్ చేసుడు అలవాటు చేసుకోండ్రి, ఊడినా ట్యాంకు మొత్తం కారదు. ఆ దినం నాకు ఈ తెలివి ఉంటే ఇన్వర్టర్ మిగిలేది.

కొంపల్లి_కుటీరం:

సరే, చేసింది చెప్తాను. శనివారం రాణీగంజ్ వెళ్లి ఇత్తడి ఎఫ్‌టీఏ, క్లాంపులు, ప్రెషర్ వాల్వు తెచ్చా, ప్లేటు తీసేసి ఇక్కడి బీఎస్పీ ఇన్‌లెట్టే పెట్టించా, బావగారికి ఫోన్ చేసి చెప్పా కూడా, ఆయన ఏమీ అనుకోలేదు. చక్రం పక్కన ఎల్బో తీసేసి ఆ నాలుగడుగులూ ఒకే ముక్క పెక్స్ వేయించా, రెండు చివర్లూ చేతికందే చోటే ఉన్నాయి. మిగతా సీపీవీసీ అలాగే ఉంచా, అడుగున్నరకో క్లాంపు. పాత ప్లంబర్నే పిలిచా, థ్రెడ్డు సంగతి చెప్తే రెండు మూతులూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు, ఫోటో కూడా తీసుకున్నాడు. పంపు స్విచ్చి ముందుకి లాగించాలి, అది వచ్చే వారం.

నిన్న రాత్రి పదిన్నరకి లైను నింపి పంపు వేసి నాన్న బండిలోనే పడుకున్నారు, పొద్దున ఐదింటి దాకా చప్పుడు లేదన్నారు.

ప్రెషర్_గేజి:

సంతోషం బాబూ. ఆ చెల్లెలి వాళ్ల ఇంటి దగ్గర కూడా ఒక రాత్రి తగిలించి ఉంచి, పొద్దున గేజి రీడింగు ఇక్కడ పెట్టండి.

మౌలాలి_మేస్త్రి:

పెక్స్ రింగులు పానాతో నొక్కారా, దాని ప్లయరుతోనా? ఫోటో పెట్టండి, చూస్తాను.